ప్రాజెక్టు డైరీ: పాలరాతిలో విక్టోరియా రాణి తల

సెప్టెంబరు

రాయి వచ్చింది. ఇటలీలోని కరారా గనుల తెల్ల పాలరాయి. ఎత్తు 35 సెంటీమీటర్లు, వెడల్పు 25, లోతు 22. చూడ్డానికి చిన్న ముక్కే గానీ పాలరాయి ఘనపు సెంటీమీటరుకు 2.7 గ్రాములు తూగుతుంది. అంటే మొత్తం దాదాపు 52 కిలోలు. క్లాసులో ఇంకొకాయన ఒక చెయ్యి వేస్తే ట్రాలీ మీంచి బల్ల మీదికి జరిపాం, ఇద్దరికీ నడుములు పట్టేశాయి. శిల్పాలకు వాడే మేలురకాన్ని స్టాటువారియో అంటారు. దాని ధర అడిగి నోరు మూసుకున్నాను. ఇది మామూలు తెల్లరకం, అక్కడక్కడా బూడిదరంగు ఛాయ ఉంది.

కొనేముందు నీళ్లు పోసి చూశాం. పొడిగా ఉన్నప్పుడు దాక్కునే జీరలు తడిస్తే బయటపడతాయి. తర్వాత సుత్తితో మెల్లగా తట్టి విన్నాం. ఖంగుమంటే రాయి మంచిది, మొద్దుగా మోగితే లోపల ఎక్కడో పగులున్నట్టు. మాది ఖంగుమంది. ఒక మూల సన్నటి బూడిద జీర మాత్రం కనిపించింది. అది పైపైనే ఉందా, లోపలికి వెళ్లిందా అన్నది చెక్కితే గానీ తెలియదు.

నేనుండేది ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో. ఇక్కడ సాయంత్రం పూట రాతిపని క్లాసుకు వెళ్తున్నాను. ఆకులు, అక్షరాలు అయ్యాయి, ఇప్పుడు ముఖం. మోడల్‌గా పాతసామాన్ల షాపులో కొన్న ఒక ప్లాస్టర్ బస్ట్, అంటే తల నుంచి భుజాల దాకా ఉండే బొమ్మ, పెట్టుకున్నాను. ముసలి వయసులో విక్టోరియా రాణి. నెత్తిన లేసు మేలిముసుగు, దాని మీద చిన్న కిరీటం, ఉబ్బిన కళ్ల కింద సంచులు, కిందికి జారిన పెదవి మూలలు. ఎవరు చేశారో సంతకం లేదు. 1887లో ఆమె పాలనకు స్వర్ణోత్సవం, 1897లో వజ్రోత్సవం జరిగినప్పుడు ఇలాంటి తలలు కంచులో, రాతిలో, ప్లాస్టర్‌లో, పింగాణీలో కుప్పలు తెప్పలుగా తయారయ్యాయి.

పడుచు రాణి బొమ్మ ఎందుకు తీసుకోకూడదని మా టీచర్‌ని అడిగాను. ఆయనకు డెబ్బై దాటాయి, కుర్రతనం నుంచీ చర్చిల మరమ్మతు పనుల్లోనే ఉన్నాడు. "మొదటి ముఖానికి ఎప్పుడూ ముసలివాళ్లనే పట్టుకో. ముడత ఉంటే ఎక్కడున్నావో తెలుస్తుంది. ఇరవై ఏళ్ల పిల్ల బుగ్గ మీద నీకు దారి చూపించేది ఏమీ ఉండదు" అన్నాడు.

నాన్నకు ఫోన్‌లో చెబితే నవ్వాడు. "ఇంకెవరూ దొరకలేదా అమ్మా, ఆ మహాతల్లే దొరికిందా?" చెక్కుతున్నాను గానీ పూజ చెయ్యట్లేదు కదా నాన్నా అన్నాను.

అక్టోబరు

ఈ నెలంతా చుక్కలే. ఉలి ముట్టుకున్నది తక్కువ.

మనం మ్యూజియంలో పాలరాతి విగ్రహం చూసి, శిల్పి ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని నేరుగా రాయిలోంచి ముఖాన్ని లాగేశాడని ఊహించుకుంటాం. 19వ శతాబ్దపు బస్ట్‌లు చాలావరకు అలా పుట్టలేదు. శిల్పి ముందు బంకమట్టిలో చేస్తాడు. దానికి అచ్చు తీసి ప్లాస్టర్ పోస్తారు. ఆ ప్లాస్టర్‌ని చూసి, కొలిచి, పనివాళ్లు రాయి చెక్కుతారు. శిల్పి చివర్లో వచ్చి ఉలి పట్టుకుంటాడు. ఒకే ప్లాస్టర్ నుంచి ఎన్ని కాపీలైనా తియ్యొచ్చు. రాణిగారికి గంటల తరబడి కూర్చునే తీరిక ఉండదు. ఊరూరా టౌన్‌హాల్‌కో బొమ్మ కావాలంటే ఈ పద్ధతి తప్ప వేరే గతి లేదు.

కొలిచే పనిముట్టు పేరు పాయింటింగ్ మెషిన్. మెషిన్ అనగానే కరెంటుతో నడిచేదేమో అనుకోవద్దు. ఇత్తడి కడ్డీలతో చేసిన ఒక చట్రం, దానికి మూడు మొనలు. మోడల్ మీద మూడు ఆధార బిందువులు పెడతాం, కింద రెండు, తల మీద ఒకటి. రాయి మీద కూడా సరిగ్గా అవే దూరాల్లో మూడు. చట్రం ఆ మూడింటి మీద కదలకుండా కూర్చుంటుంది. దానికున్న చెయ్యి ఎటు కావాలంటే అటు వంగుతుంది, చివర జారే సూది. మోడల్ ముక్కు కొనకు సూది ఆనించి, అక్కడ స్టాపర్ బిగిస్తాం. సూది వెనక్కి లాగి, చట్రం ఎత్తి రాయి మీద తగిలిస్తాం. ఇప్పుడు సూదిని ముందుకు తోస్తే రాయి అడ్డం వస్తుంది. స్టాపర్ ఆనేంత వరకు సూది లోపలికి వెళ్లాలంటే ఎంత రాయి పోవాలో అంతా చెక్కాలి. ఒక చుక్క అయింది. మళ్లీ చట్రం మోడల్ మీదికి. ఇంకో చుక్క.

ఈ మెషిన్ ఉన్నది ఉన్నంత సైజులోనే దించుతుంది. పెద్దది చెయ్యాలన్నా చిన్నది చెయ్యాలన్నా వేరే ఏర్పాట్లు కావాలి. అందుకే నా రాయి కొలతలు ప్లాస్టర్‌ని బట్టి కొన్నవే.

ప్లాస్టర్ మీద పెన్సిల్‌తో వందల చుక్కలు పెట్టాను. ముందు ఎత్తైన చోట్లు, అంటే ముక్కు కొన, గడ్డం, కిరీటం పై అంచు, భుజాల కొసలు. తర్వాత వాటి మధ్య పల్లాలు. అమ్మవారు పోసినట్టుంది రాణిగారికి అని మా ఆయన వచ్చి చూసి వ్యాఖ్యానం.

టీచర్ చెప్పిన నియమం ఒకటే. ఏ చుక్కా పూర్తి లోతుకు వెళ్లకూడదు. రెండు మిల్లీమీటర్లు మిగల్చాలి.

నవంబరు

ఇప్పుడు అసలు దుమ్ము లేస్తోంది. మొన ఉలి, గుండ్రటి తల ఇనుప సుత్తి. ఉలిని 45 డిగ్రీలు వాల్చి కొడితే పెచ్చులు ఎగిరిపడతాయి. నిటారుగా పెట్టి కొడితే పెచ్చు లేవదు, దెబ్బ లోపలికి దిగి రాయి కమిలిపోతుంది. ఈ కమిలిన మచ్చను ఇక్కడివాళ్లు స్టన్ అంటారు. పైకి చిన్న తెల్ల చుక్కలా ఉంటుంది గానీ కింద స్ఫటికాలు చితికి ఉంటాయి. ఎంత అరగదీసినా లోపలికి కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి చర్మం దగ్గరయ్యేకొద్దీ ఉలిని ఇంకా ఇంకా వాల్చాలి.

పాలరాయి అంటే దాదాపు మొత్తం కాల్షియం కార్బొనేట్. ఇసుకరాయిలో ఉన్నంత సిలికా ఇందులో ఉండదు. షెఫీల్డ్ చుట్టుపక్కల గ్రిట్‌స్టోన్ అనే గరుకు ఇసుకరాయి చెక్కి ఊపిరితిత్తులు పాడైన పనివాళ్ల సంగతులు టీచర్ చెబుతుంటాడు. పాలరాయి అంత ప్రమాదం కాకపోయినా మాస్కు లేకుండా లోపలికి రానివ్వడు. ఇంటికెళ్లాక తల దులుపుకుంటే మాత్రం సంక్రాంతి ముగ్గుకి చాలేంత రాలుతుంది.

ఆ బూడిద జీర లోపలికే వెళ్లింది. కుడి భుజం దగ్గర మొదలై మెడ మీదుగా పైకి పోతోంది. ఇప్పుడున్న లెక్కన చూస్తే సరిగ్గా ముక్కు పక్క నుంచి కుడి కంటి కిందికి వస్తుంది. నల్లటి కన్నీటి చారలాగా. టెన్షన్ పట్టుకుంది. పాతరోజుల్లో ఇలాంటిది బయటపడితే పెద్ద శిల్పులు ఆ రాయి పక్కన పడేసి ఇంకోటి తెప్పించుకునేవారు. నాకు ఆ స్తోమత లేదు.

టీచర్ రాయి చుట్టూ తిరిగి, నీళ్లు కొట్టి, జీర ఏ వాలులో పోతోందో పెన్సిల్‌తో గీశాడు. "తలను తిప్పు" అన్నాడు. రాయిని కాదు, రాయి లోపలున్న తలను. ఇంకా అన్ని వైపులా మందంగా రాయి ఉంది కాబట్టి అది సాధ్యమే. రాయి మీదున్న మూడు ఆధార బిందువులను ఊడదీసి, వాటి మధ్య దూరాలు చెడకుండా, మొత్తం చట్రాన్ని కొన్ని డిగ్రీలు ఎడమకు తిప్పి మళ్లీ బిగించాం. ఇప్పుడు రాణిగారు రాయిలో కొంచెం పక్కకు తిరిగి ఉన్నారు. జీర చెవి వెనక నుంచి మేలిముసుగు మడతల్లోకి వెళ్లిపోతుంది. ఎడమ భుజం కొస మాత్రం రాయి చాలక కాస్త పొట్టిది అవుతుంది. ఫర్వాలేదు. అక్కడ ఉన్నది గుడ్డ మడతే.

ఈ సర్దుబాటు ఇప్పుడే కుదురుతుంది. ఇంకో రెండు సెంటీమీటర్లు దిగిపోయి ఉంటే కదిలించడానికి చోటు ఉండేది కాదు.

డిసెంబరు

క్లాసుకు సెలవులు. రాయి ముట్టుకునే వీల్లేక ఊళ్లో తిరిగాను.

షెఫీల్డ్‌కీ ఈ పనికీ దగ్గర చుట్టరికం ఉంది. ఫ్రాన్సిస్ చాంట్రీ ఈ ఊరి పక్కన నార్టన్‌లో 1781లో పుట్టాడు. ఇప్పుడు అది ఊళ్లోనే కలిసిపోయింది. చిన్నప్పుడు షెఫీల్డ్‌కు పాలు తెచ్చి పోసేవాడని చెబుతారు. చెక్కపని, పూతపని చేసే వాడి దగ్గర పనికి కుదిరి, తర్వాత లండన్ వెళ్లి తన కాలంలో బ్రిటన్‌లోనే పేరుమోసిన బస్ట్ శిల్పి అయ్యాడు. పాలరాతిలో ఆయన తొలి పని, జేమ్స్ విల్కిన్సన్ అనే చర్చి గురువు బొమ్మ, షెఫీల్డ్ కెథడ్రల్‌లో ఉంది. వెళ్లి చూశాను. చలికి చేతులు కొంకర్లు పోతున్నా చాలాసేపు నిలబడ్డాను.

విక్టోరియా గద్దెనెక్కింది 1837లో, పద్దెనిమిదేళ్లకు. రెండేళ్లకు చాంట్రీ ఆమె బస్ట్ చేశాడు. 1841లో చెక్కిన పాలరాతి ప్రతి లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది. ఆ ఏడాదే ఆయన పోయాడు. ముఖం గీసుకోవడానికి ఆయన కెమెరా లూసిడా వాడేవాడు. విలియం వొలాస్టన్ 1806లో పేటెంటు తీసుకున్న చిన్న గాజు పట్టకం అది. దాని అంచులోంచి చూస్తే ఎదురుగా ఉన్న మనిషి రూపం కాగితం మీద పడినట్టు కనిపిస్తుంది, పెన్సిల్‌తో దాని వెంట గీసుకోవడమే. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి. ఆ బొమ్మలను చూసి మట్టి, మట్టి నుంచి ప్లాస్టర్, ప్లాస్టర్ నుంచి చుక్కలు. లండన్‌లో ఆయన వర్క్‌షాప్ వ్యవహారాలన్నీ అలన్ కనింగ్‌హామ్ అనే కవి చూసుకునేవాడు. చాంట్రీ పోయాక ఆయన భార్య ఆ ప్లాస్టర్ మోడళ్లను ఆక్స్‌ఫర్డ్‌కు ఇచ్చేసింది.

ఇదంతా చదువుతుంటే మా ఊరి దగ్గరకు వచ్చి పడ్డాను. మద్రాసులో జీను, రికాబులు లేకుండా గుర్రం మీద కూర్చున్న థామస్ మన్రో కంచు విగ్రహం ఉంది కదా, 1839లో నిలబెట్టినది, దాన్ని చేసింది కూడా ఈ చాంట్రీయే. మన్రో దత్తమండలాల కలెక్టరుగా చేసి, తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. 1827లో పత్తికొండలో కలరా వచ్చి చనిపోయాడు. మా వైపు ఆయన పేరు మీద పిల్లలకు మన్రోలప్ప అని పెట్టుకున్నవాళ్లున్నారు. నాన్నకు ఈ సంగతి చెబితే, "అయితే మీ ఊరాయనే మన దొరను చేశాడన్నమాట" అని కాస్త మెత్తబడ్డాడు. రాణమ్మ మీద మాత్రం ఆయన అభిప్రాయం మారలేదు. మారాల్సిన పని కూడా లేదు.

మద్రాసులో విక్టోరియా కూడా ఉంది, సెనేట్ హౌస్ దగ్గర. 1887 స్వర్ణోత్సవానికి విశాఖపట్నానికి చెందిన గోడే నారాయణ గజపతిరావు గారు ఇచ్చిన విగ్రహం. చేసింది జోసెఫ్ ఎడ్గర్ బోమ్. అదే ఏడాది నాణేల మీద రాణి తల కూడా ఆయనదే. ఆ తల మీద కిరీటం ఎంత చిన్నగా ఉందంటే, జారి పడిపోతుందేమో అని జనం ఎగతాళి చేశారు. 1893లో థామస్ బ్రాక్ చేసిన మేలిముసుగు తలతో దాన్ని మార్చేశారు. 1897 నాటి కంచు పెన్నీ ఒకటి కొన్నాను, నాలుగు డబ్బులకే దొరికింది. పక్కనుంచి చూసిన ముక్కు, గడ్డం వాలు సరిచూసుకోవడానికి అది చాలు.

జనవరి

పళ్ల ఉలి. దువ్వెన పళ్లలా కోసిన అంచు. మొన ఉలి మిగిల్చిన గతుకులను అది చాళ్లుగా మారుస్తుంది. ముఖం గుండ్రం ఎటు తిరిగితే చాళ్లు కూడా అటే తిరగాలి. బుగ్గ మీద అడ్డంగా కొడితే బుగ్గ పలకగా అవుతుంది. అన్ని దశల్లోకీ నాకు ఇదే నచ్చింది. చాళ్ల మీద ఏటవాలుగా వెలుతురు పడితే ముఖం మొత్తం ఒకేసారి అర్థమవుతుంది.

నెల చివరికి చుక్కలన్నీ అయ్యాయి. ప్రతి చుక్క దగ్గరా సూది స్టాపర్‌కు రెండు మిల్లీమీటర్ల దూరంలో ఆగుతోంది. ఆ తర్వాత ఎడమ బుగ్గ, ఎడమ కన్ను వరకు పూర్తి లోతుకు దించి చూశాను. కొలత అంటే కొలత. కాలిపర్స్‌తో చూసినా వెంట్రుకవాసి తేడా లేదు.

కానీ ముఖం రాలేదు.

పక్కపక్కనే పెట్టి చూస్తే ప్లాస్టర్ ముసలమ్మకు డెబ్బై ఏళ్లు, రాతి ముసలమ్మకు నలభై. కంటి కింద సంచి ఆనవాలు లేదు. ముక్కు పక్క నుంచి పెదవి దాకా దిగే గాడి మసకగా ఉంది. మళ్లీ సూది పెట్టి చూశాను. లోతు సరిగ్గానే ఉంది.

టీచర్ ఏమీ మాట్లాడకుండా లైట్లు ఆర్పి, ఫోన్ టార్చ్ వెలిగించి చెవి వెనక పెట్టాడు. చెవి అంచు అప్పటికే పల్చబడింది. లోపల్నుంచి నారింజ రంగులో వెలిగింది. నిజం చెవిని ఎండకు అడ్డం పెడితే కనిపించే రంగే. తర్వాత టార్చ్‌ని ప్లాస్టర్ చెవి వెనక పెట్టాడు. నల్లగా ఉండిపోయింది.

సంగతి అదీ. ప్లాస్టర్ మీద పడిన వెలుతురు పైనుంచే వెనక్కి వచ్చేస్తుంది. అందుకే చిన్న గీత కూడా నల్లగా నీడ పడుతుంది. పాలరాయి మీద పడిన వెలుతురు కాస్త లోపలికి వెళ్లి, స్ఫటికాల మధ్య అటూ ఇటూ తిరిగి, పక్కనెక్కడో బయటికి వస్తుంది. పాలరాతి బుగ్గ చర్మంలా అనిపించడానికి కారణం ఇదే. లోతు తక్కువ గాళ్లన్నీ వెలిసిపోవడానికి కారణం కూడా ఇదే. నీడలోకి పక్కనుంచి వెలుతురు ఊరుతుంది.

కాబట్టి కొలత ప్రకారం చెక్కితే కొలతే వస్తుంది, మనిషి రాదు. ప్లాస్టర్‌లో మిల్లీమీటరు లోతున్న గాడి రాతిలో అదే గాడిలా కనిపించాలంటే మిల్లీమీటరున్నర, రెండు దిగాలి. కింది రెప్ప అంచు కింద కొద్దిగా తొలవాలి. పెదవి మూలల్లో సన్న రంధ్రం వెయ్యాలి. ఎక్కడ ఎంత అన్నది ఏ సూదీ చెప్పదు. అన్ని చోట్లా రెండు మిల్లీమీటర్లు ఎందుకు మిగల్చమన్నాడో ఇప్పుడు బోధపడింది. ఎడమ బుగ్గ దించినప్పుడు నన్ను ఎందుకు ఆపలేదంటే, "చూడకపోతే నమ్మేదానివా?" అన్నాడు. అక్కడ ఇంకా లోతుకు పోవడానికి రాయి ఉంది, నష్టమేమీ లేదు.

చాంట్రీ లాంటివాళ్లు చివర్లో వచ్చి ఉలి పట్టుకునేది ఈ రెండు మిల్లీమీటర్ల కోసమే. వర్క్‌షాప్‌లో పనివాళ్లు చెక్కితే శిల్పి పేరు పెట్టుకోవడం ఏమిటని నాకు మొదట్లో కాస్త చికాకుగా ఉండేది. ఆ చికాకు పూర్తిగా పోలేదు. రాళ్లు పగలగొట్టి దుమ్ము మింగినవాళ్ల పేర్లు విగ్రహం వెనక కూడా ఉండవు. అయితే పేరున్నవాడు ఊరికే పేరు పెట్టుకున్నాడన్న మాట మాత్రం ఇక అనను.

టీచర్ ప్లాస్టర్ మీద గుడ్డ కప్పేశాడు. పాయింటింగ్ మెషిన్ పెట్టెలో పెట్టేశాడు.

ఫిబ్రవరి

కళ్లు.

గ్రీకులు రాతి కళ్లకు రంగు వేసేవారు. రోమన్లు 2వ శతాబ్దంలో, హేడ్రియన్ చక్రవర్తి కాలం నుంచి, కనుపాపను చెక్కడం మొదలుపెట్టారు. రంగు పోయిన గ్రీకు విగ్రహాలను చూసి, తెల్లగుడ్డే అసలు అందమనుకుని 19వ శతాబ్దంలో చాలామంది కళ్లు ఖాళీగా వదిలేశారు. నా ప్లాస్టర్‌లో కనుపాప చుట్టూ సన్నటి గీత ఒక్కటే ఉంది. ఇక్కడ దాన్ని అనుసరించలేదు. పాప దగ్గర చిన్న గుంట తవ్వి, గుంట పై అంచున గింజంత రాయి వదిలాను. గుంట నీడకు నల్లగా కనిపిస్తుంది, ఆ గింజ మీద వెలుతురు పడి కంట్లో మెరుపులా ఉంటుంది. చాలా పాత చిట్కా. ఆ గింజ విరిగితే మళ్లీ పెట్టడానికి ఉండదు. సుత్తి పక్కన పెట్టి, ఉలిని వేళ్లతో నొక్కుతూ గీరాను. పై రెప్పను పాప మీదికి బాగా దించాను. అప్పటిదాకా ఎటో చూస్తున్న ముఖం ఒక్కసారిగా ఒకచోట చూడ్డం మొదలుపెట్టింది. అది కూడా నా మీద అంత ప్రేమగా ఏమీ కాదు.

ఈ మధ్యలో ఒక ఆదివారం కేంబ్రిడ్జ్ వెళ్లి ఫిట్జ్‌విలియమ్ మ్యూజియంలో ఆల్ఫ్రెడ్ గిల్బర్ట్ చేసిన విక్టోరియాను చూసొచ్చాను. 1887-89 మధ్య లండన్‌లోని ఆర్మీ అండ్ నేవీ క్లబ్ కోసం చెక్కిన పాలరాతి బస్ట్. దేశం దాటిపోకుండా ప్రభుత్వం ఎగుమతి ఆపితే మ్యూజియం డబ్బు కూడగట్టి కొనుక్కుంది. వయసును ఎక్కడా దాచలేదు గిల్బర్ట్. బరువెక్కిన రెప్పలు, అలిసిపోయిన ముఖం. రాణి కాకపోయినా చూడబుద్ధయ్యే ముసలావిడ. ఆయన ఎక్కడ గరుకుగా వదిలాడు, ఎక్కడ నునుపు చేశాడు అన్నదే ఎక్కువ చూశాను. గార్డు రెండుసార్లు దగ్గేదాకా దగ్గరగా వెళ్లానని తర్వాత తెలిసింది.

మేలిముసుగు అంచున లేసు ఉంది. విక్టోరియా 1840 పెళ్లిలో వేసుకున్నది డెవన్‌లో అల్లిన హోనిటన్ లేసు. ఆ లేసు మీద ఆమెకు ఎంత మమకారమంటే వజ్రోత్సవపు ఫోటోలో కూడా అదే కనిపిస్తుంది. రాతిలో లేసు అంటే రంధ్రాలు. పాతరోజుల్లో ఒకరు బరమా పట్టుకుంటే ఇంకొకరు తాడు లాగేవారు. నా దగ్గర చిన్న కరెంటు డ్రిల్ ఉంది. నెమ్మది స్పీడులో, సన్న బిట్‌తో. ప్రతి పువ్వూ చెక్కలేదు. దగ్గరగా కొన్ని రంధ్రాలు, వాటి మధ్య పళ్ల ఉలి గరుకు అలాగే వదిలేస్తే దూరానికి లేసులా కనిపిస్తోంది. పక్కన నున్నటి బుగ్గ ఉంది కాబట్టే అలా కనిపిస్తోంది.

కిరీటమే భయపెట్టింది. 1870లో చేయించుకున్న చిన్న వజ్రాల కిరీటం అది. 9 సెంటీమీటర్ల వెడల్పు, 10 ఎత్తు, 1,187 వజ్రాలు, ఇప్పుడు లండన్ టవర్‌లో ఉంది. 1861లో భర్త ఆల్బర్ట్ పోయాక ఆమె చివరిదాకా విధవ వేషంలోనే ఉంది. పెద్ద కిరీటం బరువు. ఈ చిన్నది నెత్తిన తెల్లటోపీ మీద పెట్టుకోవడానికి వీలు. నా రాతిలో ఆ కిరీటం బొటనవేలంత. పైన శిలువ ఇంకా చిన్నది, పాలరాయికి అంత సన్నగా నిలబడే ఓపిక ఉండదు. అందుకే చుట్టూ ఉన్న రాయిని తీసెయ్యకుండా చివరిదాకా ఊతంగా వదిలేశాను. కమానుల మధ్య ఖాళీని కూడా పూర్తిగా తొలవకుండా లోతైన గుంటగా మిగిల్చాను. నీడ పడితే చాలు, ఖాళీ అనే అనిపిస్తుంది.

మార్చి

ఆకురాయి, ఆ తర్వాత వంపు తిరిగిన సన్న ఆకురాళ్లు, ఆ తర్వాత తడి శాండ్‌పేపర్. 120 నంబరు గరుకుతో మొదలుపెట్టి 400 దగ్గర ఆపేశాను. ఇంకా పైకి వెళ్తే అద్దంలా మెరుస్తుంది, హోటల్ లాబీ నేలకైతే అది బాగుంటుంది. ముఖం మెరిస్తే బుగ్గ మీద కిటికీ కనిపిస్తుంది గానీ బుగ్గ కనిపించదు. చర్మం ఒక్కటే నునుపు. జుట్టు మీద ఉలి గీతలు, ముసుగు మీద పళ్ల ఉలి గరుకు ఉంచేశాను. తడి పని చేసేటప్పుడు బల్ల మీద ఇనుప రజను లేకుండా తుడవాలి, లేకపోతే తుప్పు మరక రాయిలోకి ఇంకుతుంది. టీ కప్పులు అవతలి బల్ల మీదే.

మరక అంటే గుర్తొచ్చింది. బొంబాయిలో మాథ్యూ నోబుల్ చేసిన పాలరాతి విక్టోరియా విగ్రహం ఉండేది, 1872లో పెట్టినది. 1896లో రాత్రికి రాత్రి ఎవరో దాని ముఖానికి తారు పూశారు. ఆ పని తనదేనని పుణే విప్లవకారుడు దామోదర్ చాపేకర్ తర్వాత చెప్పుకున్నాడు. ఆ నలుపును తీసింది త్రిభువన్‌దాస్ గజ్జర్ అనే మన రసాయన శాస్త్రవేత్త. పాలరాయికి ఆమ్లం తగిలితే పైపొర కరిగిపోతుంది, గీకితే ముఖమే పోతుంది. లోపలికి పీల్చుకున్న తారును రాయి చెడకుండా తీయడం ఎంత పనో ఇప్పుడు ఊహించగలను. ఆ విగ్రహం ఇప్పుడు భావు దాజీ లాడ్ మ్యూజియం తోటలో ఉంది. నాన్నకు ఈ కథ బాగా నచ్చింది. పూసినవాడు, తీసినవాడు ఇద్దరూ మనవాళ్లే అన్నాడు.

వెనక వైపు తొలిచాను. మంచి బస్ట్‌లు వెనక నుంచి చూస్తే గుల్లగా ఉంటాయి. మధ్యలో నిలువుగా ఒక దూలం మిగిల్చి అటూ ఇటూ తీసేస్తారు, బరువు తగ్గుతుంది. శిల్పి పేరు, ఏడాది ఆ దూలం మీదే చెక్కుతారు. ఇప్పుడు ఒక్కదాన్నే ఎత్తగలుగుతున్నాను. కిరీటం చుట్టూ ఊతం కూడా తీసేశాను. శిలువ నిలబడింది.

జీర చెవి వెనక నుంచి ముసుగులోకి వెళ్లి భుజం మీద తేలింది. తెలియనివాళ్లు కావాలనే పెట్టానంటున్నారు. కాదనట్లేదు.

మిగిలినవి: కింద గుండ్రటి పీట ఇంకా రాలేదు, వేరే చోట తిప్పించడానికి ఇచ్చాను. బస్ట్‌కూ పీటకూ మధ్య కడ్డీ వెయ్యాలి. ఇనుము వద్దు, తుప్పు పట్టి ఉబ్బితే రాయి చీలుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్, 12 మిల్లీమీటర్లది. రంధ్రం టీచర్ పక్కనుంటేనే వేస్తాను. వెనక దూలం మీద ఏం రాయాలన్నది తేలలేదు. ప్లాస్టర్ చేసినవారి పేరు తెలియదు కాబట్టి 'పాత ప్లాస్టర్ చూసి' అని రాసి ఏడాది వెయ్యమంటున్నాడు టీచర్. తెలుగులో చెక్కుతానంటే అభ్యంతరం లేదన్నాడు. అక్షరాలు కాగితం మీద గీసుకున్నాను. 'ప్లా' కింద వత్తుకు ఆ దూలం మీద చోటు చాలట్లేదు, సైజు తగ్గించి మళ్లీ గీయాలి.